చుక్కారావు పుట్టెంట్రుకలు

గొర్రెల ఫారం, హిమాచల్
నవంబర్ 12, 2023

అక్కా,

ముందు ఈ ఉత్తరం తెచ్చిన మనిషికి కాసిని మంచినీళ్లివ్వు, తరవాత చదువుకో. ఆయన పేరు సత్తియ్య. కడియం నర్సరీల నుంచి మొక్కల లోడు వేసుకుని ఈ వైపు వస్తుంటాడు. మొక్కలు దించేసి ఖాళీ లారీతో వెళ్తుంటే కొండ కింద ఊళ్లో పట్టుకున్నాను. ఆ లారీలో నీకొకటి పంపాను. భయపడకు, కరవదు.

ఫోను చేస్తే నీ మాట నాకు వినపడుతుంది గానీ నా మాట నీకు వినపడదు. ఆ పాడు జ్వరం నీ చెవులు పట్టుకుపోయాక మనకి మిగిలింది ఉత్తరాలే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

అక్కడ ఏం పని చేస్తావురా అని ఎప్పుడూ అడుగుతావు కదా. ఈ కొండ గొర్రెల ఉన్ని ముతక. పైదేశం మెరినో పొట్టేళ్ల ఉన్ని పట్టులా సన్నం, కానీ అవి ఈ కొండలెక్కి తిరగలేవు. అందుకని రెంటినీ కలుపుతాం. పుట్టిన పిల్లల్లో ఉన్ని సన్నగా, ఒళ్లు బరువుగా ఉన్నవాటిని ఏరి ఉంచుతాం. వాటి పిల్లల్లో మళ్లీ ఏరుతాం. ఉన్నికీ మాంసానికీ రెండిటికీ అక్కరకొచ్చే జాతి తయారవ్వాలి. ఇరవై ఎనిమిదేళ్లుగా నేను చేస్తున్నది ఈ ఏరుడే. ఉంచినవాటికంటే తీసేసినవే ఎక్కువ.

నీకు పంపిన పోతుపిల్ల అలా తీసేసినదే. తల్లి ఈనగానే పోతే సీసాపాలు పట్టి నేనే పెంచాను. ఉన్నిలో ఈ ఏడాది మందలో దానికి సాటి లేదు. కానీ కుడి చెవి వెనక నల్లచుక్క ఉంది. నల్లపోగుకి రంగు పట్టదు. పైగా ఆ చుక్క దాని పిల్లలకీ దిగొచ్చు. అందుకని చుక్క ఉన్న పొట్టేలుని మందలో ఉంచరు, మాంసానికి వేలం వేసేస్తారు. నాకు మనసొప్పక నేనే పాడుకున్నాను.

లారీలో చలిగాలి కొడుతుందని ఉన్ని తియ్యకుండా పంపుతున్నాను. ఇది మన నెల్లూరు గొర్రెల్లా నున్నటిది కాదు. ఎండలు ముదరకముందే కత్తిరించాలి. కత్తిరించాక ఒక పాయ తీసి, రెండు కొసలూ రెండు చేతులా పట్టుకుని గట్టిగా లాగి చూడు. గొర్రెకి జబ్బు చేసినా, కడుపునిండా తిండి లేకపోయినా, ఆ రోజుల్లో పెరిగిన ఉన్ని సన్నబడిపోయి అక్కడ పుటుక్కున తెగుతుంది. తెగలేదంటే నువ్వు బాగా చూసుకున్నట్టు. ఉన్ని అబద్ధం చెప్పదక్కా.

నీ తమ్ముడు
లోవరాజు

*

కోరుకొండ దగ్గర మన ఇంటి నుంచి
డిసెంబర్ 3, 2023

ఒరేయ్ లోవా,

నీ బహుమతి లారీ దిగీ దిగగానే నా బంతిమొక్కలు మొదలంటా తినేసింది. దాని ఆరోగ్యానికి ఢోకా లేదని తెలిసిపోయింది. వీధి వీధంతా వచ్చి చూసింది. మన వైపు ఉన్ని గొర్రెని ఎవరు చూశారు గనక? పక్కింటి దేవకుమారైతే, దీనికి దుప్పటి ఎందుకు కప్పారండీ అని పలక మీద రాసి అడిగింది. నాకు చెవులు పోయాక గుమ్మంలో ఒక పలక వేలాడదీశానులే, వచ్చినవాళ్లు దానిమీద రాసి మాట్లాడతారు. చెయ్యి పెట్టి చూడమన్నాను. మణికట్టు దాకా దిగిపోయేసరికి కెవ్వున అరిచినట్టుంది.

నల్లచుక్క చూశాను. మీ ఆఫీసరుగార్లకి కళ్లు లేవు. తల్లిలేని పిల్లకి దేవుడే దిష్టిచుక్క పెట్టి పంపిస్తే దాన్ని తప్పని తీసేస్తారా? చుక్కారావు అని పేరు పెట్టాను. పిలిస్తే వస్తున్నాడు.

ఇప్పుడు అసలు మాట. కత్తిరించమన్నావు. వాడు పుట్టాక కత్తెర పడటం ఇదే మొదటిసారి కదా? అంటే పుట్టెంట్రుకలే కదరా. పుట్టెంట్రుకలు మేనమామ ఒడిలో కూర్చోబెట్టే తీస్తారు, మొదటి కత్తెర మేనమామే వేస్తాడు. నా కడుపున ఒక కాయ కాసుంటే నువ్వు ఆ ముచ్చట ఎప్పుడో తీర్చేవాడివి. నాకు పిల్లల్లేరు, నువ్వేమో పెళ్లే చేసుకోలేదు. మీ బావ పక్షవాతంతో ఏళ్లకేళ్లు మంచంలో ఉండి వెళ్లిపోయాక ఈ ఇంట్లో నేను నాన్నా అని పిలిచిన ప్రాణి ఇదొక్కటే. నవ్వుకుంటే నవ్వుకో.

ఫాల్గుణంలో కోరుకొండ తీర్థం. కొండ కింద చేద్దాం. నువ్వు వచ్చి ఆరేళ్లయింది. ఈ సంగతి చెబితే దేవకుమారి పలక మీద 'ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం' అని రాసి చూపించింది. ఉన్నాడమ్మా సోమలింగం, చూడు, నీ కొంగు నములుతున్నాడు అన్నాను.

నీ అక్క
వీరవేణి

*

గొర్రెల ఫారం
జనవరి 8, 2024

అక్కా,

గొర్రెకి పుట్టెంట్రుకలేంటి, నీకు మతి పోయిందా అని రాద్దామని కూర్చున్నాను. రాయబుద్ధి కాలేదు. మేనమామ అని నువ్వు రాసిన ముక్క మళ్లీ మళ్లీ చదువుకున్నాను. యాభై ఎనిమిదేళ్లొచ్చాక నాకూ ఒక వరస కలిసిందన్నమాట.

వస్తాను. సెలవు మంజూరైంది. టికెట్టు కూడా తీసుకున్నాను. నా కత్తెర నేనే తెచ్చుకుంటాను. మన ఊరి చిట్టియ్య మంచి మంగలే గానీ వాడికి మనుషుల తలలే తెలుసు. ఈ గొర్రెకి ఒంటి మీద చర్మం ముడతలుగా ఉంటుంది, తెలియనివాడు పెడితే తెగుతుంది. నేనొచ్చేదాకా ఎవ్వరినీ ముట్టుకోనివ్వకు.

బెల్లం ఎక్కువ పెట్టకు వాడికి. కడుపుబ్బరం వస్తుంది. పెడుతున్నావని నాకు తెలుసు.

చుక్కారావు మేనమామ
లోవరాజు

*

మార్చి 13, 2024

అక్కా

సెలవు రద్దు చేశారు. ఇక్కడ గొర్రెలు ఈనే కాలం. రాలేను. చిట్టియ్య చేత తీయించెయ్యి. నా కోసం ఆగకు.

లోవరాజు

*

ఇంటి నుంచి
మార్చి 26, 2024

లోవరాజుకి,

తీర్థం నాడు కొండ కిందకి వెళ్లాను. చుక్కారావుకి పసుపునీళ్లు చల్లి బంతిపూల దండ వేస్తే సగం దండ వాడే తినేశాడు. నీకోసం కొన్న పంచె చేత్తో పట్టుకుని రాజమండ్రి నుంచి వచ్చే ప్రతి ఆటోలోకీ తొంగి చూశాను. చిట్టియ్య కత్తెర తీసుకుని వచ్చాడు, సరదాకే వచ్చాడు పాపం. పొద్దు వాలాక, తీసెయ్యమంటారా అని చేత్తో సైగ చేశాడు. వద్దన్నాను. మా తమ్ముడు ఎవర్నీ ముట్టుకోనివ్వద్దన్నాడు అని చెప్పాను. ఇంటికొస్తే గుమ్మంలో నీ ఉత్తరం పడి ఉంది.

గొర్రెలు ఈనే కాలమట. ఇరవై ఎనిమిదేళ్లుగా ఏటా వచ్చే కాలం, జనవరిలో మాటిచ్చినప్పుడు నీకు గుర్తు రాలేదా?

అంతకన్నా ఆ రాత సంగతి చెప్పు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. లైను కిందికి జారిపోయింది. నాన్న కల్లుపాక నుంచి వచ్చి ఎవరు చీటీ ఇస్తే దానిమీద పెట్టే సంతకం ఇలాగే ఉండేది. మన మంద అమ్ముకున్న రోజూ ఇలాగే ఉంది. ఆ రాత చూస్తూ పెరిగినదాన్నిరా నేను, నాకు నువ్వు చెప్పక్కర్లేదు. ఎప్పటినుంచి తాగుతున్నావు?

వీరవేణి

*

ఏప్రిల్ 14, 2024

అక్కా

అవును. తాగుతున్నాను. నీ దగ్గర దాగదని తెలుసు. ఎంత తిట్టినా పడతాను.

కానీ ఉన్ని మాత్రం తీయించు. ఎవర్నీ ముట్టుకోనివ్వద్దని నేను రాయడం తప్పు. చలికొండల్లో దానికి ఆ ఉన్నే ఇల్లు. అక్కడ అదే పొయ్యి అవుతుంది. చర్మం కాస్త గీసుకున్నా పరవాలేదు, పసుపు రాస్తే మానుతుంది. తాగుబోతు మేనమామ ఒడికంటే చిట్టియ్య ఒడి నయం.

లోవరాజు

*

ఇంటి నుంచి
మే 2, 2024

లోవా,

ఆ ముక్క నీ చేత్తో రాసినది చూశాను. కాదు అని రాస్తావనుకున్నాను. అబద్ధమైనా సరే కాదనే రాస్తావనుకున్నాను.

ఏం చెయ్యాలో తోచక కొండకేసి తిరిగి నరసింహస్వామికి మొక్కుకున్నాను. నువ్వు తాగుడు మాని, నీ కాళ్ల మీద నువ్వు నడిచి ఈ గుమ్మంలోకి వచ్చేదాకా చుక్కారావుకి కత్తెర పెట్టించను. నా కోసం మానకపోయినా వాడి కోసం మానతావు. సీసాపాలు పట్టి పెంచినవాడివి కదా.

వాడి ఎండ సంగతి నాకొదిలెయ్. గేదెల్ని కాసుకోవడం రాదా మనకి? పొద్దున్నా మధ్యాహ్నం సాయంత్రం బోరు గొట్టం పెట్టి నిలువునా తడుపుతున్నాను. తడి ఒంటి మీద అలాగే ఉండి చల్లగా ఉంటుంది. కళ్లు మూసుకుని నిలబడతాడు, హాయిగా ఉంటుంది కాబోలు.

ఒక మంచిమాట కూడా రాయాలి. పెరట్లోని మన నెల్లూరు గొర్రెల్లో ఒకటి చూలు కట్టింది. తండ్రెవరో చెప్పక్కర్లేదు.

రా లోవా.

అక్క

*

స్పీడ్ పోస్ట్
మే 24, 2024

అక్కా

తడపకు. ఆ ఉన్ని లోపలిదాకా తడిస్తే ఆరదు. అక్కడి ఉక్కకి లోపల ఒళ్లు ఉడికిపోతుంది. అది గేదె కాదు. ఈ ఉత్తరం అందిన పూటే కత్తిరించు. మొక్కు పాపం నా మీద వెయ్యమని స్వామికి చెప్పు.

నేను తాగడం లేదు. నీ మీద ఒట్టు.

లోవరాజు

*

ఇంటి నుంచి
జూన్ 4, 2024

లోవా,

నీ స్పీడు పోస్టు శనివారం అందింది. చుక్కారావు గురువారం పోయాడు.

రోహిణి కార్తె ఎండ ఎలా ఉంటుందో నీకు గుర్తుండే ఉంటుంది. బుధవారం నుంచి మేత ముట్టలేదు. నోరు తెరిచి ఒగరుస్తూ గోడవార నిలబడ్డాడు. నేను ఇంకా తడిపాను. నీడలో కట్టి విసిరాను. గురువారం మధ్యాహ్నం వాడే తడబడుతూ వచ్చి నా ఒళ్లో తల పెట్టాడు. ఉన్నిలోకి చెయ్యి పెడితే లోపల అన్నం గిన్నెలా కాలుతోంది. అప్పుడు స్వామీ లేడు, మొక్కూ లేదు. దేవకుమారి బట్టలు కత్తిరించే కత్తెర లాక్కొచ్చి నేనే మొదలుపెట్టాను. నీ మాట నిజమే, చర్మం ముడతల్లో తెగింది. తెగినా కదలలేదు. ఒక పక్క సగం తీసేసరికి వాడి కాళ్లు చాపుకున్నాయి.

మిగిలిన సగం తరవాత తీశాను. అలా సగంలో వదలబుద్ధి కాలేదు.

గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అనలేదురా. వాడు నన్ను నమ్మాడు. రోజూ గొట్టం చూడగానే పరుగెత్తుకొచ్చేవాడు.

నువ్వు తాగడం లేదని రాశావు. సంతోషం. నా మొక్కు తీరిందన్నమాట.

ఉన్ని కడిగి ఆరబెట్టి సత్తియ్య చేత పంపుతున్నాను. నువ్వు చెప్పినట్టు లాగి చూసి, నేను వాణ్ణి సరిగ్గా చూసుకున్నానో లేదో నిజం రాయి.

వీరవేణి

*

గొర్రెల ఫారం
జూలై 5, 2024

అక్కా

సత్తియ్య ఉన్ని ఇచ్చాడు. మూట విప్పి బల్ల మీద పరిచి చూశాను. ఇలాంటి ఉన్ని మళ్లీ నేను చూడను.

లాగి చూశాను. కొస నుంచి సగం దాటాక ఒకచోట సన్నబడి ఉంది. అక్కడే తెగింది. ఏ పాయ తీసినా అక్కడే. లెక్క వేస్తే అది నవంబర్ నెల. లారీ ప్రయాణంలో చలికి ఊపిరితిత్తులు దెబ్బతిని ఉంటాయి. ఆ రోగం లోపలే ఉండి వేసవికి బయటపడింది. ఎండ వల్ల కాదు. నీ వల్ల అసలు కాదు. అంత దూరం పంపడం నాదే తప్పు.

ఉన్ని అబద్ధం చెప్పదు. అన్నం తిను. నేను బాగానే ఉన్నాను. ఇక్కడికి రావాలని మాత్రం అనుకోకు, ఈ చలి నీకు పడదు.

లోవరాజు

*

ఇంటి నుంచి
నవంబర్ 17, 2024

లోవా,

ఇన్నాళ్లు జవాబు ఎందుకు రాయలేదో చెబుతాను. కోపం వచ్చి కాదు. ఏ మాటతో మొదలుపెట్టినా కళ్లనీళ్లు పడి కాగితం పాడైపోయేది.

ఉన్ని నీకు పంపేముందు నేనే లాగి చూశాను. తెలుసుకోకుండా ఉండలేకపోయాను. అరుగు మీద కూర్చుని పాయ తరవాత పాయ తీసి, రెండు కొసలూ రెండు చేతులా పట్టుకుని లాగాను. వేళ్లు కోసుకుపోయాయి గానీ ఉన్ని తెగలేదు. కొస నుంచి మొదలుదాకా ఒకే తీరు. నవంబర్ లేదు, లారీ చలి లేదు, ఏ రోగమూ లేదు. వాణ్ణి నేను బాగా చూసుకున్నాను. నేనే చంపుకున్నాను. రెండూ నిజమే, నాకు తెలుసు. నీ నోటితో వినాలని అడిగాను.

నువ్వు ఏ పాయ తీసినా ఒక్కచోటే తెగిందని రాశావు. అంత అబద్ధం నా తమ్ముడు ఎందుకు రాశాడా అని, ఆ ఉత్తరం తెచ్చిన సత్తియ్యని నిలేశాను. పలక చేతికిచ్చాను. రాయలేదు. లేచి నా ఎదురుగా నిలబడ్డాడు. కుడి చెయ్యి వేలాడేశాడు. మూతి ఒక పక్కకి లాగాడు. ఎడమచేత్తో కలం పట్టుకుని వంకరటింకరగా రాస్తున్నట్టు చూపించాడు. నోరు విప్పనని నీకు ఒట్టు వేశాడట. విప్పలేదు పాపం.

మిగిలినది ఆ రోజే ఒక్కొక్కటీ నా చేత అడిగించుకుని, అవును కాదు అని తలాడిస్తూ చెప్పాడు. తీర్థానికి రావడానికి పెట్టె సర్దుకుంటూ పడిపోయావట. కత్తెర అప్పటికే పెట్టెలో ఉందట.

నేను తాగుబోతువన్నాను. నువ్వు అవునన్నావు. నీకు వచ్చిన జబ్బు మీ బావదే అని చెబితే నేను పరుగెత్తుకొస్తానని, మళ్లీ మంచం పక్కన నా బతుకు గడిచిపోతుందని కదా? ఆ ఒక్కటీ రాసుంటే నేను మొక్కుకునేదాన్నే కాదురా. నేనైనా ఆ రాత చూసి తిట్టకుండా, నీకేమైంది నాయనా అని అడిగుండొచ్చు. అడగలేదు. నువ్వు నన్ను కాపాడుదామని, నేను నిన్ను బాగుచేద్దామని, ఇద్దరం కలిసి నోరులేని పసివాణ్ణి పొట్టన పెట్టుకున్నాం. ఎన్నిసార్లు తలుచుకున్నా ఇంతే తేలుతోంది.

చూలు కట్టిన గొర్రె శ్రావణంలో ఈనింది. ఆడపిల్ల. వీపు మన గొర్రెల్లాగే నున్నగా ఉంది గానీ భుజాల మీదా మెడ చుట్టూ ఉంగరాలుంగరాలుగా ఉన్ని. చెవి వెనక చుక్క కోసం వెతికాను. లేదు. నేనే కాటుక పెట్టాను.

మొన్న కార్తీక సోమవారం దాని పుట్టెంట్రుకలు తీశాను. ముహూర్తం చూడలేదు, చిట్టియ్యని పిలవలేదు, ఎవరి కోసమూ ఆగలేదు. నా ఒళ్లోనే కూర్చోబెట్టుకుని నేనే తీశాను. దేవకుమారి కాళ్లు పట్టుకుంది. ఈసారి నవ్వలేదు.

ఆ పిల్ల పాలు మరిచేదాకా ఇల్లు కదల్లేకపోయాను. కార్తీకం వెళ్లగానే సత్తియ్య లారీలో వస్తున్నాను. మొక్కల మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్తానన్నాడు. నన్ను రావద్దని చెప్పమన్నావట. చెప్పాడు. నాకు వినపడదు కదా.

మీ బావ చెయ్యి నేను ఎలా తోమేదాన్నో గుర్తుంది. కొబ్బరినూనె వేడి చేసి వేలు వేలుకీ తోమాలి. ఇరవై ఎనిమిదేళ్లు ఉన్ని పట్టి చూసి మంచిదేదో చెడ్డదేదో చెప్పిన వేళ్లు అవి. అన్నీ మరిచిపోయాయంటే నేను నమ్మలేకుండా ఉన్నాను. నమ్మాల్సి వస్తే అక్కడికొచ్చి నమ్ముతాను.

ఈ కవర్లో దాని మొదటి ఉన్ని కాస్త పెట్టాను. నేను వచ్చేలోగా దాన్ని కుడిచేతిలో పెట్టుకుని, ఎడమచేత్తో గుప్పిట మూసి చూడు. మెత్తగా తెలిస్తే తెలిసిందని రాయి. ఏమీ తెలియకపోతే తెలియలేదనే రాయి. నా కోసమని అబద్ధం మాత్రం రాయకు.

నీ అక్క
వీరవేణి